వీపున మోసే చరిత్ర

మనిషి ఎగరడం నేర్చుకున్న కథ అందరికీ తెలిసినదే. రైట్ సోదరుల పేరు బడిపిల్లవాడు సైతం చెప్పగలడు. మనిషి క్షేమంగా పడడం నేర్చుకున్న కథ మాత్రం అంతగా ప్రచారంలో లేదు. నిజానికి ఇది మొదటి దానికంటె పాతది. విమానం పుట్టింది 1903లో. అంతకు నూట ఆరేళ్ళ ముందే, 1797 అక్టోబరు 22న, ఆంద్రే జాక్ గార్నెరాన్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లోని మాన్సో ఉద్యానవనం మీదుగా బెలూన్‌లో పైకి పోయి, సుమారు మూడువేల అడుగుల ఎత్తున తాడు తెంపుకొని, పట్టు గొడుగు కింద వేలాడే బుట్టలో నేలకు దిగాడు. ఎక్కడానికి యంత్రం దొరకక ముందే దిగడానికి గుడ్డ దొరికిందన్నమాట.

స్కైడైవింగ్ నేర్చుకునే విద్యార్థికి మొదటి రోజున ఒక సంచి కడతారు. అందులో రెండు గొడుగులు, మూడు ఉంగరాల అమరిక ఒకటి, పిడికెడంత ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి, కొన్ని గజాల నైలాను పట్టీలు ఉంటాయి. మణికట్టుకు ఎత్తు చూపే ఆల్టీమీటరు, తలకు శిరస్త్రాణం, చెవి దగ్గర చిన్న రేడియో, కళ్ళకు అద్దాలు వీటికి అదనం. ఆ సంచిని నేను కూడా కొంతకాలం మోశాను. ఆ రోజుల్లో నన్ను పట్టుకున్న కుతూహలం దూకడం గురించి కంటె ఆ సంచి గురించే ఎక్కువ. అందులో ఏ వస్తువూ ఊరికే చేరలేదు. ప్రతి దాని వెనుకా ఒక తేదీ ఉంది. చాలావాటి వెనుక ఒక మరణమో, వెంట్రుకవాసిలో తప్పిన మరణమో ఉంది. ఈ వ్యాసం ఆ సంచిని విప్పి చూసే ప్రయత్నం. సాహసగాథ ఆశించే పాఠకులు నిరాశపడతారేమోనని ముందే మనవి చేస్తున్నాను.

*

ఈ చరిత్రను ఎన్నో విధాలుగా విభజించవచ్చు. నాకు తోచిన పద్ధతి ఒకటుంది: దూకేవాడికి డబ్బు ఎవరిచ్చారు? తొలినాళ్ళలో ప్రేక్షకుడు ఇచ్చాడు. తరువాత ప్రభుత్వం ఇచ్చింది. ఇప్పుడు విద్యార్థి తానే ఇచ్చుకుంటున్నాడు. డబ్బిచ్చే చేయి మారినప్పుడల్లా భద్రతకు అర్థం కూడా మారింది.

పారాషూట్ అనే మాటను కల్పించిన లూయీ సెబాస్టియన్ లెనార్మాన్ ఉద్దేశం వినోదం కాదు. 1783 డిసెంబరులో మాంపెలియే నగరంలోని వేధశాల గోపురం మీదినుంచి ఆయన దూకి చూపింది, మంటల్లో చిక్కిన ఇళ్ళనుంచి మనుషులు తప్పించుకోవడానికి ఒక సాధనం కావాలని. "పతనాన్ని అడ్డుకునేది" అని ఆ మాటకు అర్థం. మనం తెలుగులో దానికి పేరు పెట్టుకోలేదు. పారాషూట్ అనో, గొడుగు అనో సరిపెట్టుకుంటున్నాం.

కాని గార్నెరాన్ నాటికే అది సంత వినోదమైపోయింది. టిక్కెట్టు కొన్న జనం చూడవచ్చింది భద్రతను కాదు, ప్రమాదాన్ని. గార్నెరాన్ గొడుగుకు నడినెత్తిన రంధ్రం లేదు. లోపల చిక్కిన గాలి ఒకసారి ఈ అంచునుంచి, ఒకసారి ఆ అంచునుంచి బయటపడుతూ బుట్టను గంటలోలకంలా ఊపేసింది. నడుమ రంధ్రం పెడితే ఆ ఊపు తగ్గుతుందని తరువాత తెలిసింది. 1799లో ఆయన శిష్యురాలు జాన్ జెనెవీవ్ లబ్రోస్ కూడా దూకింది. పారాషూట్‌తో దిగిన తొలి మహిళ ఆమె.

ఆ ఊపును మరో విధంగా అరికట్టాలని లండన్‌లో రాబర్ట్ కాకింగ్ అనే చిత్రకారుడు ఆలోచించాడు. గొడుగును తలకిందులు చేసి, గరాటు ఆకారంలో కడితే నిలకడగా దిగుతుందని ఆయన వాదం. ఊహ తప్పు కాదు. కాని కట్టిన గొడుగు బరువే రెండు వందల పౌన్లు దాటింది. 1837 జులై 24న, అరవై ఒక్క ఏళ్ళ వయసులో, సుమారు అయిదువేల అడుగుల ఎత్తునుంచి ఆయన దిగబోగా చట్రం విరిగి గాలిలోనే ముక్కలైంది. పారాషూట్ ప్రమాదంలో మరణించిన తొలి మనిషిగా ఆయన పేరు మిగిలింది. ఒక్కసారి కూడా ఖాళీగా వదిలి చూడని గొడుగును మనిషికి కట్టరాదన్న పాఠం అంత ఖరీదుకు దొరికింది.

ఈ ప్రదర్శనల గాలి మన దేశానికీ సోకింది. పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయుడు 1889లో కలకత్తాలో బెలూన్ ప్రదర్శనలిచ్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్న రామచంద్ర చటర్జీ అనే వ్యాయామ విన్యాసకుడు ఆ ఏడే ఒంటరిగా బెలూన్‌లో ఎగిరి, 1890లో పారాషూట్‌తో దిగాడు. మన దేశంలో ఈ విద్యకు తొలి విద్యార్థి అని ఆయనను అనవచ్చు.

ప్రేక్షకుడి డబ్బుతో నడిచిన ఈ యుగంలో చివరి గొప్ప పేరు జార్జియా ఆన్ థాంప్సన్‌ది. ఉత్తర కెరొలైనాలో నూలుమిల్లు కూలి ఆమె. అప్పటికే ఒక బిడ్డకు తల్లి. 1908లో పదిహేనేళ్ళ వయసులో బెలూన్ బృందంలో చేరింది. కుచ్చుల గౌను తొడిగి, బొమ్మలా అలంకరించి ఆమెను దూకించేవారు. టైనీ బ్రాడ్విక్ అని పేరు మార్చారు. 1914లో అమెరికా సైన్యానికి ప్రదర్శన ఇస్తుండగా, గొడుగును లాగి తెరిచే తాడు విమానం తోకకు చుట్టుకుంది. ఆ తాడును కోసివేసి, కొంత దూరం ఊరికే పడి, మిగిలిన ముక్కను తన చేత్తో లాగి గొడుగు తెరుచుకుందామె. విమానానికి కట్టుబడకుండా, మనిషి తన నిర్ణయంతో తాను గొడుగు తెరవవచ్చునని లోకానికి తెలిసింది ఆ చిక్కుముడి వల్లనే.

*

సైన్యాలు ఆ సంగతి చూసి కూడా చాలాకాలం చూడనట్టే ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బెలూన్లలో కూర్చునే పరిశీలకులకు పారాషూట్లు ఇచ్చారు. బ్రిటిష్, అమెరికన్ విమాన చోదకులకు మాత్రం యుద్ధం ముగిసేదాకా అవి అందలేదు. 1918లో జర్మన్ చోదకులు వాడడం మొదలుపెట్టారు. మండే విమానంలో కూర్చున్న మనిషికి రెండే దారులు మిగిలిన ఆ సంవత్సరాలను తలచుకుంటే, యంత్రానికిచ్చిన విలువ మనిషికి ఇవ్వని కాలమది అనిపిస్తుంది.

1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రం డేటన్ సమీపంలోని మెకుక్ మైదానంలో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, కొంత పడ్డాక చేత్తో తాడు లాగి గొడుగు తెరిచాడు. దిగేటప్పుడు చీలమండ విరిగింది గాని, ముందే అనుకొని చేసిన ఆ ప్రయోగం నెగ్గింది. పడుతున్న మనిషికి స్పృహ తప్పుతుందని, చేయి కదలదని చెప్పే పండితుల వాదం ఆనాటితో ముగిసింది. మూడేళ్ళ తరువాత, 1922 అక్టోబరు 20న, అదే మైదానంలో హెరాల్డ్ హారిస్ అనే సైనిక చోదకుడి విమానం గాలిలో చెదిరిపోయింది. ఆయన దూకాడు. తాడు పిడి అనుకొని కాలిపట్టీ కొక్కేన్ని మూడుసార్లు లాగాడు. నాలుగోసారి గాని అసలు పిడి చేతికి తగలలేదు. బతికాడు. నేటికీ విద్యార్థి చేత, పడుతూ ఉండగా, పిడిని పలుమార్లు తాకించి చూస్తారు. తెరవడానికి కాదు, చేతికి దారి తెలియడానికి. ఆ అలవాటు విలువ తెలియాలంటే హారిస్ కథ ఒక్కటి చాలు.

ప్రభుత్వం డబ్బు పెట్టడం మొదలైనాక ఇది పెద్దయెత్తున నేర్పే విద్య అయింది. 1930లలో సోవియట్ యూనియన్ ఊరూరా పారాషూట్ గోపురాలు కట్టి, క్లబ్బులు పెట్టి, విద్యార్థులకూ కార్మికులకూ ఉచితంగా నేర్పింది. రానున్న యుద్ధం దాని లెక్కలో ఉంది, సందేహం లేదు. అయినా ఆ ఏర్పాటు వల్లనే యరోస్లావ్‌లో బట్టలమిల్లు కార్మికురాలైన వాలెంటీనా తెరిష్కోవా 1959లో స్థానిక క్లబ్బులో దూకడం నేర్చుకోగలిగింది. వోస్తోక్ నౌకలో వెళ్ళినవారు తిరిగి వచ్చేటప్పుడు ఏడు కిలోమీటర్ల ఎత్తున నౌకను విడిచి తమ సొంత పారాషూట్‌తో దిగవలసి ఉండేది. కనుక ఆమెను ఎంపిక చేసినప్పుడు చూసిన అర్హతలలో ముఖ్యమైనది ఆ విద్యే. 1963లో ఆమె అంతరిక్షానికి వెళ్ళింది. రుసుము కట్టవలసి ఉంటే ఆ మిల్లు కార్మికురాలు మొదటి మెట్టయినా ఎక్కేదా?

మనకూ ఆ ఛాయ ఒకటి ఉంది. ఆగ్రాలోని వైమానిక దళ పారాట్రూపర్ల శిక్షణ పాఠశాలలో సైనికులతో పాటు ఎన్.సి.సి. విద్యార్థులకు కూడా శిక్షణ ఇస్తూ వచ్చారు. మా కాలేజీలో సీనియర్ ఒకాయన ఆ ఛాతీ మీద రెక్కల బిళ్ళతో తిరిగేవాడు. జేబునుంచి పైసా పెట్టకుండా అయిదుసార్లు దూకి వచ్చానని చెప్పేవాడు. మేము ఆయనను దేవతను చూసినట్టు చూసేవాళ్ళం.

*

మూడవ యుగం, అంటే విద్యార్థి తన డబ్బుతో నేర్చుకునే యుగం, అమెరికాలో యుద్ధపు మిగులు సరుకుతో మొదలైంది. పట్టు స్థానంలో అప్పటికే నైలాను వచ్చింది. 1942 జూన్‌లో ఆడెలిన్ గ్రే అనే యువతి నైలాను గొడుగుతో తొలిసారి దూకింది. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న గొడుగులు చౌకగా దొరికాయి. 1959లో జాక్ ఆంద్రే ఇస్టెల్ మసాచుసెట్స్‌లోని ఆరెంజ్ అనే ఊళ్ళో ఈ క్రీడకు శిక్షణ కేంద్రం తెరిచాడు. కొద్ది గంటల పాఠం చెప్పి, అదే రోజు దూకించేవాడు. విద్యార్థి గొడుగును విమానానికి కట్టిన తాడే తెరుస్తుంది. స్టాటిక్ లైన్ అంటారు దానిని.

చౌకే, కాని ఆ సరుకు సైనికుడి కోసం తయారైనది. గుండ్రని గొడుగు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. నేలను గట్టిగా తాకుతుంది. రెండవ గొడుగు పొట్టమీద మూటలా వేలాడుతుంది. మొదటిది చిక్కుపడితే దాన్ని వదిలించుకోవడానికి రెండు భుజాల మీదా ఉన్న కొక్కేలను రెండు చేతులతో విప్పాలి. భూమి మీదికి దూసుకొస్తుండగా కొత్త విద్యార్థి అంత పని చేయడం ఎంత కష్టమో ఊహించండి. 1970లలో అమెరికాలో ఈ క్రీడ ఏటా సగటున నలభై మందికి పైగా బలిగొన్నది.

మార్పు నాలుగు దిక్కులనుంచి వచ్చింది. గాలిపటాలు చేసే డొమినా జాల్బర్ట్ 1960లలో అరలు అరలుగా కుట్టిన దీర్ఘచతురస్రపు గొడుగును రూపొందించాడు. ముందు నోళ్ళగుండా గాలి నిండి అది విమానపు రెక్కలా తేలుతుంది. ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. దిగే క్షణంలో రెండు పిడులూ కిందికి లాగితే మెట్టు దిగినంత మెల్లగా నేలను తాకవచ్చు. 1970లలో బిల్ బూత్ మూడు ఉంగరాల అమరిక చేశాడు. పెద్ద ఉంగరంలో మధ్యది, మధ్యదానిలో చిన్నది దూర్చి, చివర ఒక దారపు ఉచ్చు వేస్తే, మనిషి బరువంతా మోసే కట్టును ఒక్క పిడి స్వల్ప బలంతో విడిపించగలదు. 1981లో అమెరికా పారాషూట్ సంఘం కొత్త బోధన పద్ధతిని ఆమోదించింది. ఇద్దరు గురువులు విద్యార్థిని ఇరువైపులా పట్టుకొని తామూ దూకి, పడుతూనే పాఠం చెబుతారు. ఇక నాలుగవది చిన్న పెట్టె.

*

నేను అమెరికాలో చదువుకుంటూ 2012 వేసవిలో ఇందులో చేరినప్పుడు అమ్మ ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న అందరు అమ్మలూ అడిగేదే.

"ఆ గొడుగు తెరుచుకోకపోతేనో నాన్నా?"

"రెండోది ఉంటుందమ్మా."

"అదీ తెరుచుకోకపోతే?"

"తెరవాల్సింది నేనే కదా. నేను తెరవలేకపోతే దానంతటదే తెరుచుకునే పెట్టె ఒకటుంది."

"అంత నమ్మకముంటే అంత డబ్బెందుకు తీసుకుంటున్నారు రా వాళ్ళు?"

నాకు జవాబు తోచలేదు. ఆ పెట్టె గురించి ముందు చెప్పి, తరువాత డబ్బు సంగతికి వస్తాను.

గొడుగును తనంతట తాను తెరిచే పరికరాలు అంతకు ముందూ ఉన్నాయి. సోవియట్లు గడియారపు స్ప్రింగులతో చేసినవి వాడారు. కాని ఆ పాతతరం పరికరాలు బరువు. పనిచేయవలసినప్పుడు చేయక, అక్కరలేనప్పుడు చేసి ప్రాణాలమీదికి తెచ్చేవి. అందుకే అనుభవజ్ఞులు వాటిని దగ్గరకు రానిచ్చేవారు కారు. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లాట్ రూపొందించగా 1991 నుంచి వాడుకలోకి వచ్చిన సైప్రెస్ ఈ అవిశ్వాసాన్ని తుడిచివేసింది. గాలి ఒత్తిడిని క్షణక్షణం కొలిచి, ఎత్తునూ వేగాన్నీ లెక్కగడుతుందది. మామూలు రకమైతే సుమారు 750 అడుగుల ఎత్తున మనిషి ఇంకా సెకనుకు 35 మీటర్లు మించిన వేగంతో పడుతున్నాడని తేలితే, చిన్న మందు పేల్చి, రిజర్వ్ గొడుగును మూసి ఉంచిన దారపు ఉచ్చును కోసేస్తుంది. విద్యార్థుల రకం ఇంకా తక్కువ వేగానికే, అంటే సెకనుకు 13 మీటర్లకే, మేలుకుంటుంది. మనిషికి స్పృహ లేకపోయినా, భయంతో చేయి బిగుసుకుపోయినా, అది తన పని తాను చేస్తుంది.

ఇక డబ్బు. నెలకు పదిహేను వందల డాలర్ల ఉపకారవేతనంతో బతికేవాణ్ణి. మొదటి రోజంతా నేలమీది పాఠం. పైకప్పుకు వేలాడే పట్టీలలో మమ్మల్ని కట్టి, చెడిన గొడుగుల బొమ్మలు చూపుతూ, "వదిలించు, రెండోది తెరువు" అని గంటలకొద్దీ చేయించారు. చచ్చిపోతే ఎవరినీ నిందించనని పేజీ పేజీకీ సంతకాలు తీసుకున్నారు. మరునాడు పదమూడువేల అడుగులనుంచి ఇద్దరు గురువుల నడుమ దూకాను. అయిదువేల అయిదు వందల అడుగుల దగ్గర గొడుగు తెరిచాను. గురువులతో దూకిన ఒక్కొక్క సారికి రెండు వందల డాలర్లు. లైసెన్సుకు కనీసం 25 సార్లు దూకాలి. అన్నీ కలిసి రెండువేల ఎనిమిది వందలు దాటింది. వానకు, గాలికి ఎదురుచూస్తూ పోయిన శనివారాలు లెక్కలో లేవు. నేడు అదే శిక్షణకు అమెరికాలో మూడు నుంచి నాలుగు వేల డాలర్లు అనుకోవచ్చు. సొంత సంచి కొనదలిస్తే కొత్తది ఏడెనిమిది వేలు, అందులో ఆ పెట్టె ఒక్కటే వెయ్యికి పైన. విద్యార్థి దశలో ఎవరూ కొనరు. కేంద్రమే అద్దెకిస్తుంది.

ఈ సొమ్ము ఎటు పోతుందో మెల్లగా తెలుసుకున్నాను. విమానపు ఇంధనం, మరమ్మతు ఒక పెద్ద భాగం. ఇద్దరు గురువుల కూలి మరొకటి. రిజర్వ్ గొడుగును, ఎవరూ వాడకపోయినా, 180 రోజులకొకసారి లైసెన్సు ఉన్న రిగ్గర్ విప్పి, పరీక్షించి, మళ్ళీ మడిచి, ముద్ర వేయాలని అమెరికా నియమం. 2008 వరకు ఆ గడువు 120 రోజులే. ఆ పెట్టెకు కూడా ఆయుష్షు ఉంది. మొదటి రకానికి పన్నెండేళ్ళు, తరువాతి రకానికి పదిహేనున్నర. చక్కగా పనిచేస్తున్నా సరే, గడువు తీరితే పారేయవలసిందే. ఎన్నడూ వాడకూడదని అందరూ కోరుకునే వస్తువులమీద ఇంత ఖర్చు! అమ్మ ప్రశ్నకు జవాబు అదే అనుకుంటాను. నమ్మకం ఉంది గనుక తీసుకోవడం లేదు, ఆ నమ్మకం నిలబడడానికి తీసుకుంటున్నారు.

ఫలితం అంకెలలో కనబడుతుంది. అమెరికా సంఘం లెక్క ప్రకారం 2023లో సుమారు 36 లక్షల సార్లు దూకితే మరణించినవారు 10 మంది. దూకేవారు పెరిగినా, 1970లలో పోయినవారిలో నాలుగోవంతు కూడా కాదు.

అయితే ఆ పదిమందిలాంటి వారి కథలు చదివితే మరో సంగతి తెలుస్తుంది. గొడుగు తెరుచుకోక పోయేవారు తగ్గిపోయారు. గొడుగు చక్కగా తెరుచుకున్నాక, నేలకు దగ్గరగా వేగంగా మలుపు తిప్పి ప్రాణం పోగొట్టుకునేవారు ఉంటున్నారు. వారిలో చాలామంది వందలసార్లు దూకినవారే. విద్యార్థికి పెద్ద గొడుగు ఇస్తారు, అది నెమ్మదిగా దిగుతుంది. చేయి తిరిగినకొద్దీ చిన్న గొడుగు మీద మోజు కలుగుతుంది, అది కత్తిలా కోసుకుపోతుంది. భయాన్ని కనిపెట్టే పెట్టె వచ్చింది గాని, ధీమాను కనిపెట్టే పెట్టెను ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

ఇంకొక లోటు కూడా నన్ను వదలదు. ప్రేక్షకుడు డబ్బిచ్చిన కాలంలో నూలుమిల్లు పిల్ల దూకగలిగింది, కాని ఆమె ప్రాణానికి పూచీ లేదు. ప్రభుత్వం డబ్బిచ్చిన కాలంలో బట్టలమిల్లు అమ్మాయి దూకగలిగింది, కాని ఆ ఉదారత వెనుక ఫిరంగి నీడ ఉంది. విద్యార్థి డబ్బిచ్చే ఈ కాలంలో ప్రాణానికి పూచీ ఉంది, ఎవరి యుద్ధానికీ మనం సిపాయిలం కానక్కరలేదు. అయితే మిల్లు పిల్లలు మాత్రం ఆ వరుసలో కనబడరు. నాతో నేర్చుకున్నవారిలో నాకు కనబడలేదు. పాత గొడుగులు చౌకగా అంటగట్టి వారిని రమ్మనడం దారి కాదని 1970లు చెబుతున్నాయి. క్షేమం చౌకగా దొరకదు, దొరకరాదు కూడా. మరి దాని ఖరీదును ఎవరు భరిస్తే ఆ పిల్ల కూడా విమానం తలుపు దగ్గర నిలబడగలదు? గుడ్డకు, దారానికి, ఉంగరానికి రెండు వందల ఏళ్ళలో జవాబులు దొరికాయి. ఈ ప్రశ్న మాత్రం ఇంకా గాలిలోనే ఉంది.